బాయికాడి ఇంజనుకు గూడ ఒక జాగ కావాలె

(వనపర్తిల పాత మిషన్ల గురించి మాట్లాడిన మాటలు, రికార్డింగు విని రాసినవి)

అందరికీ నమస్కారం. పెద్దలు, అన్నలు, అక్కలు, ఎన్కల నిలబడ్డ పిల్లలు గూడ జర ముంగటికి రాండ్రి, ఇక్కడ కుర్చీలు ఖాళీగనే ఉన్నయి. మైకు మంచిగ వినపడ్తున్నదా? సరె.

నేనొక కారుతోని మొదలుపెడ్త. మహబూబ్‌నగర్‌కు ఆ పేరెట్ల వచ్చిందో మీకు తెలుసు, పాలమూరు అని ఉండె, 1890ల ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మార్చిండ్రు. ఆ మహబూబ్ అలీ పాషా ఇంగ్లండుకు ఒక రోల్స్ రాయిస్ ఆర్డరు పెట్టిండు, సిల్వర్ ఘోస్ట్ అంటరు దాన్ని, ఎన్క సీటు సింహాసనమోలె ఎత్తు చేసి కట్టించిండ్రు, రంగేమో పసుపు, ఆసఫ్‌జాహీల రంగది. బండి తయారయ్యేటాళ్లకు 1912 వచ్చింది, పాషా 1911 ఆగస్టులనే చనిపోయిండు. ఆర్డరిచ్చినాయన అండ్ల కూసోనే లేదు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని దర్బారు, జులూసు అసొంటి పెద్ద దినాలకే బయటికి తీసేటోడు, అందుకే నూరేండ్లు దాటినా అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. ఇయ్యాల చౌమహల్లా ప్యాలెస్ పోతే మెరుసుకుంట కనపడ్తది. పోయి చూడుండ్రి, నిజంగ చూడదగ్గ బండే, ఆ పని చేసిన కార్ఖానోళ్ల చేతులకు దండం పెట్టాలె.

గాని నాకు అక్కడ నిలబడ్డప్పుడల్లా ఒకటే అనిపిస్తది. ఎక్కువ తిరగని బండి మిగిలింది. మన బాయిలకాడ ఎండాకాలం వానాకాలం రాత్రనక పగలనక తిరిగిన ఇంజను మాత్రం కిలోల లెక్కన పాత ఇనుప సామానోనికి పోయింది. పని చేసిన మిషను అరుగుతది, అరిగింది తుక్కు అయితది, తుక్కు అయినదాని కథ ఎవ్వరు చెప్పరు. ఇయ్యాల నేను వచ్చింది ఆ సంగతి మాట్లాడేటందుకే.

ఇంకొకటి గూడ చూడుండ్రి. హైదరాబాదు బస్ భవన్‌ల ఒక పాత ఆల్బియన్ బస్సు పెట్టిండ్రు, స్కాట్లండుల గ్లాస్గో కాడ తయారైన కంపెనీ బండి. 1932ల నిజాం స్టేట్ రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైనప్పటి కాలంది. అప్పుడు 27 బస్సులు, 166 మంది నౌకర్లతోని షురూ అయింది, మన ఆర్టీసీకి అదే పునాది. బస్సు నంబర్లల్ల ఉండే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకెళ్లి వచ్చిందని చిన్నప్పటి సంది వింటనే ఉంటం. మంచిదే, రాజుగారి తల్లి పేరు అక్షరమై మిగిలింది. మరి ఆ 166 మంది? డ్రైవర్లు, కండక్టర్లు, టైర్లు మార్చిన క్లీనర్లు, అడవిల బండి ఆగితే రాత్రంత కిందికి దూరి రిపేరు చేసినోళ్లు? బస్సు పక్కన వాళ్ల పేర్లు గూడ ఉంటే ఆ బస్సు ఇంకొంచెం ఎక్కువ మాట్లాడుతది గద.

ఇగ ఇంజను కాడికి పోదాం. దానికన్నా ముందు మోట గురించి చెప్పాలె, ఎందుకంటే మోట తెల్వకపోతే ఇంజను విలువ తెల్వదు, ఇక్కడున్న పిల్లలల్ల సగం మంది మోట చూసి ఉండరు. బాయి ఒడ్డు మీద గిరక, గిరక మీదికెళ్లి మోకు, మోకు కొసకు బాన, బాన కింద తోలుతోని కుట్టిన తొండం. రెండెడ్లు మోట దారిల కిందికి దిగుకుంట పోతే బాన నిండుగ పైకొస్తది, తొండం తాడు వదిలితే నీళ్లు తొట్టిల పడ్తయి, మల్ల ఎడ్లు ఎన్కకు నడుసుకుంట రావాలె. ఎడ్లు ఎన్కకు నడుసుడు ఎంత కష్టమో ఎడ్లను తోలినోనికే తెలుస్తది. దిగేటప్పుడు మోట కొట్టేటాయన మోకు మీద కూసుంటడు, తన బరువు గూడ ఎడ్లకు సాయం కావాలె అని. తెల్లారకముందు కట్టి పొద్దెక్కేదాక కొడితే పారేది చిన్న మడి. మోట పాటలు అందుకే పుట్టినయి, నిద్ర రాకుండ, ఎడ్లకు మాట వినపడుకుంట ఉండాలెనని. ఆ తోలు తొండం కుట్టేది మాదిగ పెద్దమనుషులు, గిరక చెక్కేది వడ్లాయన, బానకు పట్టీలు కొట్టేది కమ్మరి. ఒక్క బాయి పారాలంటే ఊరంత పనిచేయాలె.

ఆ జాగలకు వచ్చింది ఆయిల్ ఇంజను. మన దిక్కు రెండు రకాలు ఎక్కువ. ఒకటి కిర్లోస్కర్. ఆ ఇంట్ల మొదటాయన లక్ష్మణ్‌రావు కిర్లోస్కర్ బెల్గాంల సైకిళ్ల దుకాణంతోని మొదలుపెట్టి, ఇనుప నాగలి తయారు చేసి, కిర్లోస్కర్‌వాడి అని ఒక ఊరే కట్టిండు. ఆయిల్ ఇంజన్ల కంపెనీ 1946ల పుణెల పుట్టింది. రెండోది రాజ్‌కోట్ ఇంజను, పెద్ద చక్రాలది, నెమ్మదిగ తిరిగేది. దాని అసలు ఊరు రాజ్‌కోట్ గూడ గాదు. ఇంగ్లండుల డర్స్‌లీ అని ఒక చిన్న ఊరున్నది, అక్కడ లిస్టర్ అనే కంపెనీ 1930 ఆ ప్రాంతాల ఒక ఇంజను తెచ్చింది, ఒకటే సిలిండరు, 5 హార్స్ పవర్, నిమిషానికి 600 చుట్లు. ఆ డిజైను ఎంత మొండిదంటే, ఇంగ్లండుల చేసుడు బంద్ అయినంక గూడ గుజరాతుల ఫౌండ్రీలు దాన్ని పోత పోసుకుంటనే ఉన్నయి. ఇప్పటి మోటరుసైకిలు ఇంజను నిమిషానికి ఏడెనిమిది వేల చుట్లు తిరుగుతది, అది 600. నెమ్మదిగ తిరిగింది తక్కువ అరుగుతది, తప్పు చేసినా ఓర్చుకుంటది, డీజిల్ జర ఖరాబున్నా నడుస్తది, చదువు రానోడు గూడ పానా పట్టి విప్పి బిగించొచ్చు. మన ఊర్లకు గసొంటిదే కావాలె ఆ రోజులల్ల.

దాన్ని చాలు చేసుడు ఒక విద్య. పిల్లలు, మీరు డీజిల్ సైకిల్ పుస్తకంల చదువుకుంటరు, అది కండ్లతోని చూడాలంటే ఈ ఇంజనుకు మించింది లేదు. డీజిల్ ఇంజన్ల స్పార్క్ ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగ ఒత్తితే అది కాగుతది, ఎంత కాగుతదంటే అండ్లకు చిమ్మిన డీజిల్ తనంతట తనే అంటుకుంటది. గాని ఆ గాలిని ఒత్తుడు మనిషి చేతులతోని అయ్యే పని కాదు, హ్యాండిలు కదలనే కదలదు. అందుకే తల మీద ఒక చిన్న లివర్ పెట్టిండ్రు, దాన్ని లేపితే వాల్వు తెరుసుకోని ఉంటది, గాలి ఒత్తుకపోకుండ బయటికి పోతది, ఇగ హ్యాండిలు అల్కగ తిరుగుతది. మొదలు మెల్లగ, తర్వాత జోరుగ, ఆ పెద్ద చక్రాలు ఊపందుకునేదాక తిప్పాలె. ఊపు వచ్చిందని చెయ్యికి తెల్వంగనే లివర్ కిందికి కొట్టాలె. వాల్వు మూసుకుంటది, చక్రంల దాచిపెట్టిన బలమే గాలిని ఒత్తుతది, లోపల డీజిల్ అంటుకుంటది, డుబ్ అని ఒక్కటి, డుబ్ డుబ్ అని ఇంక రెండు, ఇగ అంతే. మనిషి ఒక్కసారి పెట్టలేని బలాన్ని చక్రం కొద్దికొద్దిగ జమ చేసుకోని ఒక్కసారి ఇస్తది. ఫ్లైవీల్ అంటే ఏందని ఎవరన్న అడిగితే నేను ఇదే చూపిస్త.

దాంట్ల ప్రమాదం గూడ ఉండె, అది దాచొద్దు. హ్యాండిలు టైముకు ఊడి రాకపోతే, ఇంజను ఎన్కకు కొడితే, ముంజేయి ఎముక ఇరిగేది. ఊరికొకరన్న ఉండేటోళ్లు అట్ల చెయ్యి ఇరిగినోళ్లు. పటకాల బెల్టుల రుమాలు పడి, పంచె పడి పానం మీదికి వచ్చినోళ్లు ఉన్నరు. మ్యూజియంల పెట్టినప్పుడు ఇంజనుకు రంగేసి మెరిపిస్తం గాని ఆ సంగతి బోర్డు మీద రాయం. రాయాలె. ఇంజను వచ్చినంక ఎడ్లకు సుఖమొచ్చింది, మనిషికి కొంత సుఖం కొంత గండం వచ్చినయి, బాయిల నీళ్లేమో తొందరగ తగ్గినయి. మోట ఎంత కొట్టినా బాయి ఎండేది తక్కువ, ఊటకు టైము దొరికేది. ఇంజను వచ్చినంక బాయి లోతు తీసుడు, తర్వాత కరెంటు మోటరు, తర్వాత బోరు, తర్వాత బోరు మీద బోరు. ఈ వరుసంత పక్కపక్కన పెట్టి చూపిస్తే పాలమూరు ఎట్ల ఎండిందో ఎవ్వరు ఉపన్యాసం ఇయ్యనక్కర్లేదు.

అదే ఇంజను ఇంకో రూపంల మన గిర్నీలల్ల ఉండె. పొగగొట్టం మీద డబ్బా బోర్లిస్తే కుక్ కుక్ అని ఊరవతలిదాక వినపడేది, ఆ సప్పుడు వింటే అవ్వలు గంప ఎత్తుకోని పోయేటోళ్లు, గిర్ని నడుస్తున్నదని. ఆ గిర్నిల వడ్లు పట్టే హల్లర్ ఉండేది గద, దాని కథ నాకు మస్తు ఇష్టం. దాన్ని కనిపెట్టింది బ్రెజిల్ దేశంల ఎంగెల్‌బర్గ్ అనే ఇంజనీరు, 1880లల్ల, కాఫీ గింజల పొట్టు తీసేటందుకు. అక్కడికెళ్లి అమెరికాల సిరాక్యూస్ అనే ఊర్లె కంపెనీ పెట్టి దేశదేశాలకు అమ్మిండ్రు. కాఫీ కోసం పుట్టింది వడ్లకు గూడ పనికొచ్చి ఆసియా అంత పాకింది. లోపల గీరలున్న ఇనుప రోలు, దాని చుట్టూ జల్లెడ, పక్కన ఒక కత్తి, అంతే మిషను. నూకలు ఎక్కువైతయి, తవుడు ఉనుక కలిసిపోతయి, అందుకే తర్వాత రబ్బరు రోలర్ల మిల్లులు వచ్చినయి, మిర్యాలగూడ పోతే ఇయ్యాల పెద్దపెద్ద మిల్లులే కనపడ్తయి. కాని ఊర్ల ఆడోళ్ల చేతులకెళ్లి రోకలి దించింది మాత్రం ఆ చిన్న హల్లరే. పొద్దుగాల నాలుగు గంటలకు లేసి దంచినోళ్లు ఇంకా మన ఇండ్లల్ల ఉన్నరు, వాళ్లను అడగుండ్రి, అరచేతులు చూపిస్తరు. ఆ హల్లర్ పక్కన ఒక రోలు, రెండు రోకండ్లు పెట్టకపోతే ఆ మిషను విలువ ఎవరికి తెలుస్తది చెప్పుండ్రి.

బోరింగు గురించి చెప్పకుండ నల్లగొండ దాటలేం. వాడకొక్కటి ఉంటది, ఇప్పుడు చానా మటుకు తుప్పు పట్టి, బర్రెలు కట్టేసుకునే గుంజలైనయి. దాని పేరు ఇండియా మార్క్ టూ. అంతకుముందు పోత ఇనుము పంపులుండె, అవి విదేశాలల్ల ఒక ఇంటోళ్లు, ఒక ఫారంవాళ్లు వాడుకునేటందుకు చేసినవాటి నకలు, మన దగ్గర ఊరంత పొద్దంత కొడితే ఎన్ని దినాలు ఆగుతయి? విరిగినయి. అప్పుడు మహారాష్ట్రల జాల్నా, షోలాపూర్ దిక్కు మెకానిక్కులు ఇనుప రేకు వెల్డింగు చేసి గట్టి పంపులు తయారు చేసుకున్నరు. హ్యాండిలుకు గొలుసు పెట్టిండ్రు, దాంతోని లోపలి రాడ్డు నిలువుగనే లేస్తది దిగుతది, పక్కకు గుంజదు. పంపును పైపు మీద కాకుండ కాంక్రీటు గద్దె మీద నిలబెట్టిండ్రు. ఆ షోలాపూర్ పంపు నమూనా మీదనే 1970లల్ల యూనిసెఫ్ సాయంతోని ఇండియా మార్క్ టూ వచ్చింది, ఇక్కడికెళ్లి ఆఫ్రికాదాక పోయింది. ఊర్ల వెల్డింగు దుకాణంల పుట్టిన ఆలోచన లోకమంత నీళ్లు తాపింది, గొప్ప సంగతి కాదా?

మరి మన నల్లగొండల ఏమైంది? పైపైన బాయి నీళ్లు వదిలి లోతుకెళ్లి బండల మధ్యల నీళ్లు తాగుడు పెరిగింది, ఆ బండలల్ల ఫ్లోరైడు ఉన్నది. కలరా అసొంటి రోగాల నుంచి కాపాడాలెనని తెచ్చిన పంపు కొన్ని ఊర్లల్ల నడుములు వంచింది. ఫ్లోరైడు తీసేటందుకు నాగ్‌పూర్‌ల నీరీ సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్లు శుద్ధి చేసే పద్ధతి తయారు చేస్తే దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టిండ్రు, ప్రపంచంల పుస్తకాలన్నిట్ల అదే పేరు. ఒక బోరింగు, పక్కన ఆ పటిక తొట్టి, ఈ రెండు నల్లగొండల ఒక జాగ్గ నిలబెట్టాలె. ఈ మిషను మంచిది, ఈ మిషను చెడ్డది అని బోర్డు రాయనక్కర్లేదు, ఏమైందో అది రాస్తే సాలు.

ఇగ సంతోషమైన మాట ఒకటి. ఆలేరు దగ్గర శారాజీపేట, పాత నల్లగొండ జిల్లానే. చింతకింది మల్లేశం గారు. పోచంపల్లి చీరకు రంగులేసేకన్నా ముందు ఆసు పోయాలె, నడుమ ఒక మేకు, ఎదురుంగ సగం చక్రం లెక్క వరుస మేకులు, దారాన్ని ఇటుకెళ్లి అటు, అటుకెళ్లి ఇటు. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలె, నాలుగైదు గంటల పని. ఆయన తల్లి లక్ష్మి గారికి ఆ పనితోనే భుజం నొప్పి. బడి ఆరో తరగతిల ఆపేసినాయన 1992ల మొదలుపెట్టి 1999ల మిషను పూర్తి చేసిండు, నడుమ ఏడేండ్లు అప్పులు, పిచ్చోడు అన్న మాటలు, హైదరాబాదుల కరెంటు పనులు. గంటన్నరల ఆసు అయిపోతది ఇప్పుడు. మిషనుకు తల్లి పేరే పెట్టిండు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017ల పద్మశ్రీ వచ్చింది. నేను ఏమంటనంటే, ఆ యంత్రాన్ని ఒంటిగ చూపించొద్దు. పక్కన చేతి ఆసు పెట్టాలె, చూడొచ్చిన పిల్లగాండ్లను ఒక పది నిమిషాలు చేతితోని పోయమనాలె. భుజం గుంజినంక అప్పుడు మిషను బటను వత్తాలె. ఆయన ఏడేండ్లు ఎందుకు కష్టపడ్డడో భుజమే చెప్తది.

మన వనపర్తి కాడికి వస్త. రాజావారి ప్యాలెసుల 1959 సంది పాలిటెక్నిక్ నడుస్తున్నది, అది మీకు నేను చెప్పేదేముంది. అదే ఏడు జులైల సరళాసాగర్ మొదలైంది, మదనాపురం దిక్కు. రాజా రామేశ్వరరావు గారు తల్లి పేరు మీద కట్టించిండ్రు. ఆడికి పిక్నిక్ పోయి సెల్ఫీలు దిగొస్తరు గాని అది ఏం మిషనో చానా మంది చూడరు. అవును, మిషనే అంటున్న. గేట్లు ఎత్తే మనిషి లేడు, మోటరు లేదు, కరెంటు లేదు. సైఫన్లు అవి. నీళ్లు నిండు మట్టం దాటి పైకి లేస్తే సైఫను లోపలి గడప మీదికెళ్లి పారుడు మొదలైతది, పారుకుంట పారుకుంట లోపలున్న గాలిని ఈడ్చుకోని పోతది, గాలి పోయినంక గొట్టం నిండుగ నీళ్లే, అప్పుడు దబదబ గుంజుతది. మట్టం తగ్గి గాలి దూరే కంత బయటపడంగనే గాలి లోపలికి పోయి ధార తెగుతది. తనకు తనే చాలు, తనకు తనే బంద్. వాన రాత్రి గేటు ఎత్తేటందుకు మనిషి పోలేని జాగల ఇది ఎంత తెలివైన పనో ఆలోచించుండ్రి. 2019 డిసెంబరు 31న మట్టికట్ట తెగింది, మీరందరు చూసిండ్రు, మల్ల కట్టిండ్రు. పాలిటెక్నిక్ పిల్లలు ఒక పని చేయండి, ఆ సైఫనుకు ఒక గాజు నమూనా తయారు చేయుండ్రి, లోపల ఏమైతదో కనపడేటట్టు, కట్ట మీద వచ్చిపోయేటోళ్లకు చూపించుండ్రి. ఫైనలియరు ప్రాజెక్టుకు ఎక్కడెక్కడికెళ్లో కొనుక్కరావల్సిన అవసరం లేదు.

నాగార్జునసాగర్ గురించి ఎక్కువ చెప్ప, అందరికీ తెలిసిందే, 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిండు, 1967 ఆగస్టుల నీళ్లు వదిలిండ్రు. 124 మీటర్ల ఎత్తు, రాయి మీద రాయి పేర్చి కట్టింది. సిమెంటు కరువు, బయటి దేశం మిషన్లు కొనే పైసలు కరువు, మనుషులకు పని కావాలె, అందుకని మిషన్లకన్నా చేతులను నమ్ముకున్నరు. ఆ నాటి ఫొటోలల్ల కట్టెల మంచెల మీద వేలమంది తల మీద రాళ్లు పెట్టుకోని ఎక్కుతున్నది చూస్తే అక్కడ మిషను ఎవరో అర్థమైతది. దేశంల ఎక్కడ డ్యాము కట్టినా పాలమూరు లేబరు పోయింది, పిల్లల్ని మంచాల మీద ముసలోళ్ల దగ్గర వదిలిపెట్టి పోయిండ్రు. వాళ్ల గంప, పార, సుట్టబట్ట ఏ మ్యూజియంల ఉన్నయి? పిల్లలమర్రి కాడ మ్యూజియంల రాతి దేవుళ్లు, శాసనాలు ఉన్నయి, ఉండాలె, దానికి నేను ఎదురు చెప్ప. ఒక గది ఆ గంపకు గూడ ఇయ్యుండ్రని అడుగుతున్న.

ఇది జర కష్టమైన మాట, అయినా చెప్త. దోమలపెంట కాడ శ్రీశైలం ఎడమగట్టు సొరంగం. అటు దోమలపెంట, ఇటు నల్లగొండ దిక్కు మన్నెవారిపల్లి, నడుమ దగ్గర దగ్గర 44 కిలోమీటర్లు, కొండ కిందికెళ్లి. అంత పొడుగు తొలిచేటందుకు తెచ్చిన టీబీఎం, అంటే సొరంగం తొలిచే మిషను, మూతి దగ్గర మూడంతస్తుల ఇల్లంత ఎత్తుంటది, తిరుగుకుంట బండను కొరుకుకుంట పోతది. 2025 ఫిబ్రవరి 22న పైకప్పు కూలింది, ఎనిమిది మంది లోపల చిక్కుకున్నరు. నలుగురు జార్ఖండోళ్లు, ఇద్దరు ఉత్తరప్రదేశ్, ఒకాయన పంజాబు, ఒకాయన జమ్మూకశ్మీరు. మనోళ్లు వేరే రాష్ట్రాల డ్యాములకు పోయినట్టే వాళ్లు మన నీళ్ల కోసం వచ్చిండ్రు. వాళ్లను వెతికేటందుకు ఆ మిషను ముక్కలను గ్యాసు కట్టర్లతోని కోసి బయటికి తీసిండ్రు. నా మనవి ఏందంటే, ఆ కోసిన ఇనుమంత తుక్కుకు పోకముందు ఒక్క ముక్క ఆపాలె. దాన్ని సొరంగం మొగదల నిలబెట్టి ఎనిమిది పేర్లు తెలుగుల, హిందీల, పంజాబీల చెక్కించాలె. రేపు నల్లగొండ పొలాలకు ఆ నీళ్లు వచ్చిన దినం పిల్లలు దాని ముంగట ఆగి చదవాలె.

ఇగ ఎట్ల కాపాడాలె అన్న ముచ్చటకు వస్త, ఎందుకంటే ప్రేమ ఉంటే సరిపోదు, పని తెల్వాలె. స్టేషన్ల ముంగట, ఆఫీసుల ముంగట గద్దె కట్టి స్టీము ఇంజను, రోడ్డు రోలరు పెడ్తరు, పెట్టిన సంవత్సరం మస్తుగుంటది. తర్వాత ఏమైతది? పొగగొట్టం మూయకపోతే వాన నీళ్లు లోపలికి పోయి బాయిలరు అడుగున నిలుస్తయి. పైన రేకు, రేకు కింద వేడి ఆగేటందుకు కప్పిన పదార్థం ఉంటది, అది నీళ్లు పీల్చుకోని విడవదు, ఇనుము లోపలికెళ్లి తింటది, బయట సిల్వరు పెయింటు మెరుస్తనే ఉంటది. పాతవాట్ల ఆ కప్పు ఆస్బెస్టాస్ కావొచ్చు, పిల్లలెవ్వరు చేతితోని పీకొద్దు, ఊపిరితిత్తులు ఖరాబైతయి. ఇత్తడి, రాగి సామాను దొంగలు ఎత్తుకపోతరు, అందుకే ముందుగాల్నే ఊడదీసి లోపల బీరువాల పెట్టి బయట నమూనా బిగించాలె.

అన్నిటికన్నా ముఖ్యం నంబరు ప్లేటు. ఇంజను మీద చిన్న ఇత్తడి ప్లేటో అల్యూమినియం ప్లేటో ఉంటది, కంపెనీ పేరు, నంబరు, హార్స్ పవరు, చుట్లు. దయచేసి దాని మీద రంగు వేయకుండ్రి. మంచి మనసుతోని రంగేస్తరు, ఆ రంగు కింద మిషను పుట్టిన ఊరు పోతది. ఫొటో తీయుండ్రి, కాగితం మీద రాసుకోండ్రి. దాని తర్వాత ఆ ఇంజను నడిపినాయన ఎవరున్నరో వాళ్ల కాడికి పోయి ఫోనుల మాట రికార్డు చేయుండ్రి. ఎప్పుడు కొన్నరు, పైసలు ఎక్కడికెళ్లి తెచ్చిండ్రు, బండి మీద తెచ్చిండ్రా, ఊర్లె మొదలు చాలైన దినం ఏం జేసిండ్రు, కొబ్బరికాయ ఎవరు కొట్టిండ్రు, ఏ పార్టు ఊకె పోయేది. మెకానిక్కులను అస్సలు మరవొద్దు, సప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పే మేస్త్రీలు మన టౌన్లల్ల ఇంక కొంతమందే ఉన్నరు, వాళ్లు పోతే ఆ చెవి మల్ల రాదు. ఇనుమును తర్వాత గూడ దొరకబట్టుకోవచ్చు, మనిషి మాటకు ఆ టైము లేదు.

ఇంకొకటి, నడిచే మిషనును నడవనియ్యాలె. నెలకు ఒకసారన్న చాలు చేయాలె, చాలు చేసే వీలు లేకపోతే చక్రం చేతితోని తిప్పాలె, ఆయిలు లోపలంత పాకాలె. రోల్స్ రాయిస్ అంటే అద్దం అవతలికెళ్లి చూస్తం, సరె. బాయికాడి ఇంజనును చెవితోని చూడాలె. సప్పుడు లేని ఆయిలింజను పిల్లలకు ఏం చెప్తది?

నా మాటలు అయినయి. అడిగేటోళ్లు ఎవరన్న ఉంటే అడగొచ్చు.

(ఎన్కల కూసున్న ఒక రైతు: అన్నా, మా బాయికాడ మా నాయిన కాలంనాటి కిర్లోస్కర్ ఉన్నది, పట్టేసింది, చక్రం కదుల్తలేదు. సామానోడు వారానికొకసారి వచ్చి అడుగుతున్నడు. అది మల్ల నడుస్తదా?)

ముందుగాల ఆ సామానోనికి లేదని చెప్పి పంపించు. తర్వాత చెప్త విను. పైన నాజిలు ఊడదియ్యి. ఆ కంతలకెళ్లి సగం డీజిలు, సగం ఇంజనాయిలు కలిపి పొయ్యి, సిలిండరు నిలువుది గద, పిస్టను మీద నిలుస్తది, మెల్లగ రింగుల సందుకు దిగుతది. పోసి వదిలెయ్యి, రోజు పొద్దుగాల కొద్దిగ పొయ్యి. నీళ్ల జాకెట్టుల మన్ను, తుప్పు గట్టిపడి ఉంటది, అది గూడ కడుగు. పక్క మూత తీసి కిందున్న పాత ఆయిలు మొత్తం వంచెయ్యి, అండ్ల నీళ్లు కలిసినయా చూడు. వారం పది దినాలైనంక ఇద్దరు చక్రం పట్టుకోని ఇటు జర అటు జర ఊపుండ్రి, ఒక్క దిక్కే గుంజకుండ్రి. ఇంత కదిలినా సాలు, మల్ల ఆయిలు పోసి ఆపుండ్రి. సుత్తెతోని చక్రాన్ని మాత్రం కొట్టొద్దు, పోత ఇనుము, పగుల్తది, పగిలితే అతకదు. కదిలినంక నాకు గాదు, ఈ పాలిటెక్నిక్ పిల్లలకు ఫోను చెయ్యి, నాజిలు, పంపు వాళ్లు చూస్తరు, వస్తరు గద? ఆ, చేతులు లేపుతున్నరు చూడు. నంబరు రాసుకో. ఇంక ఆ ఇంజను మీద ప్లేటు ఉన్నదా? ఉన్నదంటవా? రేపు దాని ఫొటో తియ్యి, రంగేయకు.